రాత్రి డ్యూటీ, పొద్దుటి మాత్ర

మా వార్డుకు రాత్రిపూట టీ మూడుసార్లు వస్తుంది. తొమ్మిదిన్నరకు ఒకసారి, పన్నెండు దాటాక మరోసారి, మూడున్నర ప్రాంతంలో చివరిసారి, క్యాజువాలిటీ గేటు బయటి బండి దగ్గర నింపించిన స్టీలు ఫ్లాస్కును వార్డుబాయ్ తెచ్చి నర్సింగ్ స్టేషన్ బల్ల మీద పెడతాడు. మొదటి రెండు టీలూ రుచి కోసమూ కబుర్ల కోసమూ తాగేవి. మూడోది అట్లా కాదు. చల్లారినా, మీద మీగడ కట్టినా గుటుక్కున మింగేస్తాము. ఆ వేళకు ఒంట్లో వేడి రోజు మొత్తంలోకి అట్టడుగుకు దిగుతూ ఉంటుంది, ఫ్యాన్ గాలికే వేళ్ళ చివరలు చల్లబడతాయి, బీపీ చార్టులోని అంకెలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నట్టు కనిపిస్తాయి.

పందొమ్మిదేళ్ళుగా స్టాఫ్ నర్సును, ఇప్పుడు హైదరాబాదులోని ఒక సర్కారు దవాఖానాలో పనిచేస్తున్నాను. మా డ్యూటీలు మూడు: పొద్దున ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి రాత్రి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి మళ్ళీ పొద్దున ఎనిమిది. పగటి పన్నెండు గంటలను ఇద్దరు పంచుకుంటారు, రాత్రి పన్నెండు గంటలను ఒక్కరే మోస్తారు. ఎందుకని అడిగితే రాత్రి పని తక్కువ కదా అంటారు. నలభై పడకల వార్డులో నేల మీది పరుపులతో కలిపి అరవై మంది రోగులు, ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ ఉండే రాత్రిని తక్కువ పని అని పిలవడం తెల్లవారుజామున ఆ కుర్చీలో కూర్చోని వారికే సాధ్యమవుతుంది.

ఆ మూడో టీ వెనకాల వరసగా ఏమేమి వస్తాయో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పేర్లు ఉండవు. నా సంగతి తప్ప మిగతావారి సంగతులు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చి రాస్తున్నాను.

ఒకే రాత్రిని దాటడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క దాన్ని పట్టుకుంటారు. పీజీ డాక్టర్లు మెట్ల వెనక సిగరెట్టు కాలుస్తారు, ఎనర్జీ డ్రింకు డబ్బాలను తెల్లకోటు జేబులో దాచుకుంటారు. సెక్యూరిటీ వాళ్ళు దవడలో తంబాకు పెట్టుకుంటారు. వార్డుబాయ్‌లు గుట్కా నమిలి, డ్యూటీ దిగాక వైన్ షాపు తెరిచేదాకా ఆగి క్వార్టర్ కొనుక్కుంటారు. ఆయమ్మల్లో కొందరు ఇంటికి పోయే దారిలో కల్లు కాంపౌండు దగ్గర ఆగుతారు. మా సిస్టర్లు మాత్రలు వేసుకుంటారు. ఈ అయిదూ ఒకే నిద్రలేమికి కట్టిన అయిదు పట్టీలే అయినా మా దవాఖానా భాషలో వాటికి వేర్వేరు పేర్లున్నాయి. డాక్టరు గారిది స్ట్రెస్, సిస్టరుది టెన్షన్, వార్డుబాయ్‌ది తాగుబోతుతనం. మెమో అందేది మాత్రం ఎప్పుడూ మూడో మనిషికే. మాత్రకు వాసన ఉండదు కాబట్టి మా దాకా ఏ మెమో రాలేదు.

నాకు పెళ్ళయ్యాక కాపురం పెట్టిన ఇంట్లో రెండే గదులు. రాత్రి డ్యూటీ దిగి తొమ్మిదికి ఇల్లు చేరి, పాపను బడికి పంపించి, కిటికీకి దుప్పటి కట్టి పడుకునేసరికి పది అయ్యేది. సరిగ్గా అప్పుడే గల్లీలోకి ఉల్లిగడ్డల ఆటో వచ్చి మైకులో అదే పాట మొదలుపెట్టేది. ఆ తర్వాత కుక్కరు కూతలు, ఆ తర్వాత గ్యాస్ బండ అతని కేక. అత్తమ్మ పాపం చప్పుడు చేయకుండా ఉండాలని గిన్నెలను నేల మీద ఒక్కొక్కటే దించేది. ఆ జాగ్రత్త చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ పడుకునేదాన్ని. మూడు గంటల నిద్రతో వరసగా ఆరు రాత్రులు చేసిన వారం ఒకటి ఉంది. ఆ వారంలోనే నాతో డ్యూటీ చేసే ఒక అక్క చిన్న దూది ఉండలో చుట్టిన సగం మాత్రను నా చేతిలో పెట్టి, "ఏం కాదు చెల్లె, పాయింట్ టూ ఫైవే, అందులో సగం" అన్నది. అది ఆల్‌ప్రజోలం. ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే మందు, పాయింట్ టూ ఫైవ్ అంటే పావు మిల్లీగ్రాము. మాత్ర మధ్యలో గీత ఉంటుంది, గోరు పెట్టి నొక్కితే చక్కగా రెండు చెక్కలవుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం మూడున్నర దాకా పడుకున్నాను. ఉల్లిగడ్డల ఆటో వచ్చిందో లేదో తెలియదు. లేచి అత్తమ్మకు నేనే టీ పెట్టి ఇస్తే ఆమె నా ముఖంలోకి చూసి, "ఇయ్యాల మనిషిలెక్క ఉన్నవు బిడ్డా" అన్నది. మనిషిలా ఉండటానికి సగం మాత్ర చాలునని ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది.

ఇందులోని కిటుకు నేను నర్సింగ్‌లో చదువుకున్నదే. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని, నిద్రపొమ్మని చెబుతూ ఉంటుంది. టీలోని కెఫీన్ అది కూర్చోవలసిన పీట మీద తాను కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, వాకిట్లో నిలబడి ఉంటుంది. ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్‌లో సగం కరగడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే మూడున్నరకు తాగిన టీలో సగం నేను ఇల్లు చేరే వేళకు కూడా పనిచేస్తూనే ఉంది. దాన్ని అణచడానికి మాత్ర. ఆల్‌ప్రజోలం సగానికి తగ్గడానికి ఇంచుమించు పదకొండు గంటలు కావాలి; పొద్దున తొమ్మిదిన్నరకు వేసుకున్నదానిలో సగం రాత్రి ఎనిమిదిన్నరకు, నేను వార్డులో ఛార్జి తీసుకుంటున్న వేళకు, నా రక్తంలోనే ఉంది. ఆ మత్తును విదిలించుకోవడానికి తొమ్మిదిన్నర టీ ఒక కప్పు నుంచి రెండు కప్పులైంది. టీ మాత్రను పిలిచింది, మాత్ర టీని పిలిచింది. ఇంత తెలిసిన నేను ఆ లెక్కను ఒక్కనాడు కూడా కాగితం మీద వేసి చూసుకోలేదు. మందుల గురించి తెలిసినవాళ్ళం కాబట్టి మనకేమీ కాదు అనే ధీమా దవాఖానాలో పనిచేసేవాళ్ళందరిలోనూ ఉంటుంది. బయటివాళ్ళకు ఉండే భయం మాకు ఉండదు.

సగం మాత్ర ఆరు నెలల్లో ఒకటైంది, ఏడాదికి పాయింట్ ఫైవ్ అయింది, రెండో ఏడు దాటేసరికి ఒక మిల్లీగ్రాము. రాత్రి డ్యూటీ లేని వారాల్లో కూడా వేసుకోకపోతే చేతులు సన్నగా వణికేవి, గుండె దడదడలాడేది. అది జబ్బేమోనని ఈసీజీ తీయించుకున్నాను కానీ మాత్ర మీద అనుమానపడలేదు. కొనడం కష్టమేమీ కాలేదు. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం ఇలాంటి మందును డాక్టరు చీటీ మీదనే అమ్మాలి, ఎవరు రాశారో ఎవరు కొన్నారో ఎంత కొన్నారో దుకాణదారు వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. మా ఇంటి దగ్గరి మెడికల్ షాపులో ఆ రిజిస్టరు గల్లాపెట్టె పక్కనే ఉండేది కూడా. సిస్టరు చీటీ ఎందుకు చూపిస్తుంది, వాళ్ళ వార్డులో ఎవరికో అయి ఉంటుంది అని ఆ అబ్బాయి అనుకునేవాడో ఏమో, నా యూనిఫామే చీటీగా చెల్లింది.

ఒకరోజు పొద్దున ఆరున్నరకు, టిఫిన్లకు ముందు, షుగరు రోగులకు ఇన్సులిన్ ఇస్తున్నాను. మన దగ్గర ఎక్కువగా వాడే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి. రాత్రి డ్యూటీ డాక్టరు ఫోనులో ఫోర్టీన్ అని చెప్పింది నా తలలో ఫార్టీగా నిలిచిపోయింది. కేస్ షీటులో నా చేత్తోనే 14 అని రాసి ఉంది, సిరంజిలోకి మాత్రం 40 లాగాను. మంచం మీది పెద్దాయన చొక్కా పైకెత్తి పొట్ట చూపించి సిద్ధంగా ఉన్నాడు. పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ స్టూడెంట్ పిల్ల, రెండో సంవత్సరం చదువుతున్నది, భయంభయంగా, "మేడం, సిరంజి నిండా ఉందేంది?" అన్నది.

నిండా ఉంది. 40 అంటే ఆ సిరంజిలో ఇక గీతలే మిగలవు. నా చేయి అక్కడే ఆగిపోయింది. ఆ పిల్లను కసురుకుంటానేమోనని ఆమె ఒక అడుగు వెనక్కి వేయడం ఇప్పటికీ నాకు కనిపిస్తూనే ఉంటుంది. సిరంజి పారేసి, కొత్తది తీసి, 14 లాగి ఆమెకు చూపించి, ఆ తర్వాతే ఇచ్చాను. పెద్దాయన, "ఇయ్యాల నొప్పి తెల్వలే బిడ్డా" అని మెచ్చుకున్నాడు.

ఆ రోజు స్కూటీ మీద ఇంటికి వెళ్ళలేదు, స్టాండులోనే వదిలేసి ఆటో ఎక్కాను. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు నేచర్ పత్రికలో ప్రచురించిన ఒక ప్రయోగం సంగతి నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతి పని నేర్పు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందట. 24 గంటలు మేలుకుంటే అది దాదాపు 0.10 శాతంతో సమానమట. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం, దాటితే బండి నడపడం నేరం. వారంలో మొదటి రాత్రి డ్యూటీకి వచ్చే మనిషి ఆ రోజు పొద్దున ఏడింటికి లేచి, ఇంటి పని వల్ల మధ్యాహ్నం కునుకు తీయలేక వస్తే, మర్నాడు ఎనిమిదికి గేటు దాటే వేళకు 25 గంటలు మేలుకుని ఉంటుంది. అర్ధరాత్రి ఫ్లైఓవరు కింద గొట్టం పట్టుకుని నిలబడే ట్రాఫిక్ పోలీసులు పొద్దున ఎనిమిదిన్నరకు మా దవాఖానా గేటు దగ్గర నిలబడరు, నిలబడినా వాళ్ళ గొట్టంలో మా మత్తు పడదు.

మా దవాఖానాలోనే సైకియాట్రీ ఓపీ ఉన్నది, అందరూ తెలిసినవాళ్ళే, అందుకే అక్కడికి పోలేదు. ఊరి రెండో కొసనున్న మరో చోటికి చీర కట్టుకుని వెళ్ళి, ఓపీ చీటీలో వృత్తి దగ్గర గృహిణి అని రాయించుకున్నాను. డాక్టరమ్మకు అబద్ధం రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. మిల్లీగ్రాములూ హాఫ్ లైఫూ అని మాట్లాడే గృహిణులు ఆమెకు చాలామంది తగిలి ఉంటారు. ఆమె మొదట చెప్పిన మాట, రేపటి నుంచి ఆపేస్తానని శపథాలు చేయవద్దు, అట్లా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు అని. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మరో మందుకు మార్చి, దాన్ని రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చింది. నాకు అయిదు నెలలు పట్టింది. చివరి చెక్క ముక్క అన్నిటికంటే కష్టమైంది. ఆ అయిదు నెలలూ రాత్రి డ్యూటీ లేకుండా చూడమని సర్టిఫికెట్ ఇచ్చింది, అందులో కారణం నిద్రలేమి అని మాత్రమే రాసింది. ఆ ఒక్క మర్యాదకు ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మా ఆయమ్మ కథకు అటువంటి చీటీ దొరకలేదు. తెలంగాణలో కల్తీ కల్లు అంటే చాలాచోట్ల కల్లులో ఆల్‌ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలపడమే. నేను దూదిలో చుట్టుకున్న మందునే ఆమె సీసాలో, ఎంత ఉందో తెలియకుండా, తాగుతూ ఉండేది. 2015లో కల్తీ మీద దాడులు ముమ్మరమై సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ జిల్లా ఆసుపత్రులకూ వణుకుతో, ఫిట్స్‌తో, ఎవరినీ గుర్తుపట్టలేని స్థితిలో జనం బారులు తీరారు; పేపర్లన్నిటిలోనూ వచ్చింది. మా ఆయమ్మ కూడా ఆ రోజుల్లోనే డ్యూటీలో పడిపోయింది. ఆమెకు పిచ్చి లేచిందని వార్డంతా చెప్పుకున్నారు. నేను మూడు నెలల ముందు ఏ వణుకుతో ఈసీజీ తీయించుకున్నానో అదే వణుకు అది. నాకు తెలుసు. నోరు మాత్రం విప్పలేదు.

ఇక ఆపరేషన్ థియేటరు సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే వివరంగా చెప్పదగ్గది కాదు. నేను కొన్నాళ్ళు చేసిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మత్తుమందుల తాళంచెవి చేతులు మారే పొద్దుటి వేళ రిజిస్టరుకూ ఆంప్యూళ్ళకూ, అంటే ఇంజెక్షన్ మందు ఉండే చిన్న గాజు బుడ్లకూ, లెక్క కలవలేదు. రెండుసార్లు కలవకపోయేసరికి రాత్రి టెక్నీషియన్ ఒకతన్ని పట్టుకున్నారు. నెలలో ఇరవైకి పైగా రాత్రులు చేసిన మనిషి. పోలీసుల దాకా పోతే ఆసుపత్రి పేరు పాడవుతుందని, ఆ సాయంత్రమే రాజీనామా రాయించుకుని, అనుభవ పత్రం ఇచ్చి మరీ పంపించారు. ఇంకో ఆసుపత్రిలో, ఇంకో అల్మారా ముందు, మళ్ళీ రాత్రి డ్యూటీలోనే అతను చేరి ఉంటాడు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది: వాడుకకు బానిసైన మనిషి తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు చేరి పూర్తి చేస్తే, వాడకం నేరానికీ చిన్న మోతాదు కేసులకూ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్కిస్తుంది. ఆ ఆసుపత్రి గోడ మీద రోగుల హక్కుల బోర్డు రెండు భాషల్లో ఉండేది, ఉద్యోగికి ఈ రెండు సంగతులూ చెప్పిన కాగితం మాత్రం నేను ఎక్కడా చూడలేదు. ఆంప్యూల్‌ను లెక్కపెట్టడానికి రిజిస్టరు ఉంది, మనిషి ఎన్ని రాత్రులు చేశాడో లెక్కపెట్టే రిజిస్టరు లేదు. ఉన్నా దాన్ని జీతం కట్ చేయడానికే తెరుస్తారు.

ఇది క్రమశిక్షణ సమస్య అని మా పైవాళ్ళు అంటారు, నేను ఒప్పుకోను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనూ, మళ్ళీ 2019లోనూ రాత్రి పనినే క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటి జాబితాలో, 2ఎ వర్గంలో, పెట్టింది. తంబాకు మానమని రోగికి చెప్పే మేము ఆ సలహాను ఏ వేళలో నిలబడి చెబుతున్నామో ఆ వేళే జాబితాలో ఉంది. రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే ఆదేశం ఇచ్చింది. 2024 ఆగస్టులో కోల్‌కతాలో అత్యాచారానికీ హత్యకూ గురైన యువ డాక్టరు సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో సెమినార్ గదిలో పడుకోవలసి వచ్చింది. దేశమంతా సరిగ్గానే భద్రత గురించి అడిగింది. నాకు ఆ వార్తలో భద్రతతో పాటు ఇంకొకటి కూడా వినిపించింది: ఆమెకు పడుకోవడానికి ఒక మంచం లేదు. మా వార్డులో కూడా లేదు. స్టోరు గదిలో సెలైన్ పెట్టెల మీద అట్ట పరుచుకుంటాము, అది కూడా ఇన్‌స్పెక్షన్ అంటే తీసేస్తాము.

నేను మళ్ళీ రాత్రి డ్యూటీలు చేస్తున్నాను. రెండు తర్వాత టీ ముట్టుకోను. ఇంటికి వెళ్ళేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటాను, పొద్దుటి వెలుతురు కంట్లో పడితే మెదడు తెల్లారిందని నిశ్చయించుకుంటుంది కాబట్టి. గల్లీలో వాళ్ళు మొదట్లో నవ్వారు. నిద్ర ఇప్పటికీ నాలుగున్నర గంటలే, అంతకంటే రాదు, దానితో రాజీ పడ్డాను.

పోయిన నెలలో ఒక రాత్రి కొత్తగా చేరిన సిస్టరు ఒకామె, ఇంకా ఇరవై అయిదు కూడా నిండని పిల్ల, మందులు పంచడం అయ్యాక నా పక్కన కుర్చీ లాక్కుని, "అక్కా, మీ దగ్గర పాయింట్ టూ ఫైవ్ ఏమన్నా ఉందా, ఒక్కటంటే ఒక్కటే" అని అడిగింది. చెల్లెలి పెళ్ళికి సెలవు కోసం తోటివాళ్ళతో డ్యూటీలు మార్చుకుని వరసగా తొమ్మిదో రాత్రి చేస్తున్నది. ఉపన్యాసం ఇవ్వబుద్ధి కాలేదు. ఎర్ర మూత సిరంజి కథ చెప్పాను, అయిదు నెలల సంగతీ చెప్పాను. మా దవాఖానాలో ఈ మాట నేను పైకి చెప్పింది అదే మొదటిసారి. ఫోనులో మాట్లాడుకోవడానికి సర్కారు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఆమె ఫోనులో నేనే ఎక్కించాను, పొద్దున ఇద్దరం కలిసి హెడ్ సిస్టరు దగ్గరికి వెళ్దామన్నాను. వెళ్ళాము కూడా, మిగిలిన మూడు రాత్రుల్లో రెండు తగ్గాయి.

ఆ రాత్రి మాత్రం ఆమెను రెండింటికి స్టోరు గదిలో అట్ట మీద పడుకోబెట్టి, సెల్‌లో ఇరవై అయిదు నిమిషాలకు అలారం పెట్టాను. అంతకంటే ఎక్కువ పడుకుంటే లేచాక తల దిమ్ముగా ఉంటుంది. ఆమె లేచే లోపు ముగ్గురికి సెలైన్ మార్చాను, పన్నెండో పడక ముసలమ్మ రెండుసార్లు నీళ్ళడిగింది. మూడున్నరకు ఫ్లాస్కు వచ్చింది. ఆ పిల్ల అరకప్పు పోసుకుని నా వైపు చూసింది. తాగనిచ్చాను.